గ్రాఫుల్లో గొప్ప, ఇనుములో మామూలు?

పాఠకుల ప్రశ్నలకు బొమ్మల మాస్టారి జవాబులు

పోయిన నెల లోగోల గురించి రాస్తూ మధ్యలో ఒక మాట అన్నాను: డిజైన్ పాఠాలు చెప్పే పెద్దలు ఎప్పుడైనా బొమ్మలు వేసినా శిల్పాలు చేసినా చూడ్డం నాకు సరదా అని. మిగతా వ్యాసమంతా వదిలేసి ఆ ఒక్క మాట పట్టుకున్నారు మీరు. సరే, ఈసారి ఉత్తరాలన్నీ దాని మీదే. తెనాలిలో సైన్‌బోర్డులు రాసి, బెజవాడలో రిటైరయ్యేదాకా వారపత్రికలకు లేఅవుట్లు చేసినవాణ్ణి. పండితుణ్ణి కాను. నాకు తోచింది చెబుతాను.

ప్రశ్న: మాస్టారూ, మాది నరసరావుపేట. కనెక్టికట్‌లో డేటా అనలిస్టుగా పనిచేస్తున్నాను. ఎడ్వర్డ్ టఫ్టీ పుస్తకాలు నా టేబుల్ మీద నుంచి కదలవు. ఆయనకు వుడ్‌బరీ అనే ఊళ్ళో పెద్ద పొలం ఉంది. ఆయన చేసిన శిల్పాలన్నీ అక్కడే ఆరుబయట నిలబెట్టారు. కొన్ని రోజుల్లో జనాన్ని లోపలికి రానిస్తారు. మా ఆవిడా నేనూ వెళ్ళి చూసొచ్చాం. మర్నాడు ఆఫీసు గ్రూపులో 'గ్రాఫుల్లో గొప్ప, ఇనుములో మామూలు' అని రాశాను. మా టీమ్‌లో ఒక తెలుగాయన 'ఆయన కాలిగోటికి సరిపోని నువ్వా ఆయన్ని అనేది' అని విరుచుకుపడ్డాడు. ఇంకొకాయన నా పక్షాన వచ్చి 'అక్కర్లేని సిరా ఒక్క చుక్క కూడా వాడొద్దని లోకానికి చెప్పినాయన తను మాత్రం టన్నులకొద్దీ ఉక్కు వాడొచ్చా' అన్నాడు. తిట్టినాయన కంటే నన్ను సమర్థించినాయనతోనే ఎక్కువ ఇబ్బందిగా ఉంది. నేనన్నది న్యాయమేనా?
— ఒక పాఠకుడు, కనెక్టికట్

జవాబు: బాబూ, టఫ్టీ ఎవరో తెలియని మనవాళ్ళ కోసం ముందు నాలుగు ముక్కలు. యేల్ యూనివర్సిటీలో రాజనీతిశాస్త్రం, స్టాటిస్టిక్స్ చెప్పిన ప్రొఫెసర్. అంకెల్ని బొమ్మగా ఎలా చూపించాలో చెబుతూ 1983లో ఒక పుస్తకం తెచ్చారు. పేజీ ఎలా ఉండాలో పబ్లిషర్ల చేతిలో పెట్టడం ఇష్టం లేక, ఇల్లు మళ్ళీ తాకట్టు పెట్టి సొంతంగా అచ్చేయించుకున్నారు. గ్రాఫులో సమాచారం చెప్పని గీతలు, నీడలు, డెకరేషన్లను ఆయన 'చార్ట్‌జంక్' అన్నారు. ఆ మాట ఇవాళ ప్రపంచమంతా వాడుతోంది. మీ ఆఫీసులో పై-చార్టు పెట్టినవాణ్ణి ఎవరైనా ఎగాదిగా చూస్తే ఆ చూపులో టఫ్టీ వాటా కొంత ఉంటుంది.

ఇప్పుడు మిమ్మల్ని సమర్థించినాయన సంగతి. మీ ఇబ్బంది సబబే. సిరా సూత్రం గ్రాఫుకి చెప్పింది. నీకు ఈ అంకెలు చూపిస్తాను అని గ్రాఫు చదివేవాడికి మాటిస్తుంది. ఆ మాట నిలబెట్టుకోవడానికి పనికిరానిదంతా తీసెయ్ అన్నారాయన. పొలంలో నిలబెట్టిన ఉక్కు రేకు ఎవరికీ అలాంటి మాట ఇవ్వలేదు. ఈ శిల్పం ఏ సమాచారం చెబుతోంది అని నిలదీయడం, పంచాంగం రాసినాయన పద్యం రాస్తే అందులో తిథి వార నక్షత్రాలు వెతికినట్టుంటుంది.

కానీ ఇక్కడో మెలిక ఉంది. టఫ్టీ 1990 పుస్తకంలో మొదటి అధ్యాయం పేరు 'ఎస్కేపింగ్ ఫ్లాట్‌లాండ్'. చదును కాగితం మీద అనేక కొలతల ప్రపంచాన్ని ఎలా చూపించాలన్నది అక్కడ ఆయన బాధ. తర్వాత స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసిన ఒక శిల్పాల వరసకు కూడా అదే పేరు పెట్టుకున్నారు. అంటే రెండు పనులకూ ముడి వేసింది మీరు కాదు, మీ ఆఫీసు మిత్రుడూ కాదు, ఆయనే. కాబట్టి అక్కడ మాత్రం పుస్తకాన్ని పక్కన పెట్టుకుని శిల్పాన్ని ప్రశ్నించే హక్కు మీకుంది. కాగితం మీద మూడో కొలత దొరకడం కష్టం, అందుకే దాన్ని సాధించినవాణ్ణి మెచ్చుకుంటాం. ఆరుబయట లోహానికి అది పుట్టుకతోనే ఉంది. మరి ఇక్కడ తప్పించుకున్నది దేన్నుంచి? ఇది గట్టి ప్రశ్న. దీనికి శిల్పం దగ్గర జవాబు ఉండొచ్చు. ఆ రేకుల మీద ఆకాశం, గడ్డి, పక్క రేకు నీడ పడి పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటుందని ఫొటోలు చూస్తేనే తెలుస్తోంది. మీరు ఏ వేళప్పుడు చూశారు? మిట్టమధ్యాహ్నం ఒక్క చుట్టు తిరిగి వచ్చేశారా? మీ ఉత్తరంలో అది లేదు. మీ గ్రూపు మెసేజ్‌లో అసలే లేదు.

నా అభ్యంతరం అక్కడే. 'ఇనుములో మామూలు' అన్న మాటలో ఏ శిల్పం ఉంది? ఎత్తా, అతుకులా, నిలబెట్టిన చోటా, ఏది మామూలు? ఏదీ లేదు. ఉన్నదల్లా ఆయన పేరు, దాని పక్కన మీ నిరాశ. 234 ఎకరాల పొలం తిరిగొచ్చి నాలుగు మాటల్లో తేల్చేశారు. పొగిడినా ఇదే గొడవ. 'గ్రాఫుల్లోనే కాదు ఇనుములోనూ గొప్ప' అని రాసుంటే అప్పుడూ మీరు శిల్పం గురించి ఒక్క ముక్క చెప్పినట్టు కాదు.

ఆయన చేసినవాటిలో నాకు నచ్చినది ఒకటి చెబుతాను. రిచర్డ్ ఫైన్‌మన్ అనే భౌతికశాస్త్రవేత్త 1940లలో, అణువుకన్నా చిన్న కణాలు ఒకదానితో ఒకటి ఎలా తలపడతాయో గీతల్లో చూపించే పద్ధతి కనిపెట్టాడు. సరళరేఖలు, వంకీ గీతలు, అంతే. టఫ్టీ వాటిని సన్నని స్టీలు కడ్డీలతో చేసి గోడకు కాస్త ఎడంగా బిగించారు. 2012లో న్యూయార్క్‌లోని తన సొంత గ్యాలరీలో పెట్టారు, తర్వాత షికాగో దగ్గరున్న ఫెర్మీల్యాబ్ అనే భౌతికశాస్త్ర పరిశోధనశాలలోనూ పెట్టారు. అసలు గీత ఫైన్‌మన్‌ది, అందం సగం అక్కడే ఉంది, మరి ఉక్కు ఏం కలిపింది అని ఎవరైనా అడగాల్సిందే. కలిపింది నీడని. గీతకి అర్థం ఉంది, నీడకి లేదు. దీపం కదిలితే అర్థం లేని గీతలు అర్థం ఉన్నవాటి మధ్య దూరి అటూ ఇటూ జరుగుతాయి. పుస్తకాల్లో ఆయన కొట్టిపారేసే పనే అది. ఇక్కడ దాన్ని చేతులారా చేశారు. నాకు అందులోనే శిల్పి కనిపించాడు.

పాత లోహపు సామానుతో చేసిన భారీ శిల్పాల మీద మాత్రం తీర్పు చెప్పను. వాటిలో ఒకదానికి ఎయిర్‌స్ట్రీమ్ కారవాన్ బండిని వాడారు, దాన్ని గ్రహాంతర నౌక అన్నారు. ఆ హాస్యం ఫొటోలో చూసి నవ్వుకున్నాను. అంతే. పక్కన నిలబడితే మెడ ఎంత ఎత్తాలో, చుట్టూ తిరిగితే ఏది దేని వెనక దాక్కుంటుందో ఫొటో చెప్పదు. చూసినవారు మీరు, మీరే చెప్పాలి.

ఇంకో సంగతి అడగొచ్చు. పొలం ఆయనది, అప్పట్లో ఉన్న ఆ న్యూయార్క్ గ్యాలరీ కూడా ఆయనదే. 'ఇది పెట్టొద్దు, అది చాలు' అనే క్యూరేటర్ మధ్యలో లేడు. పుస్తకానికి ఎవరూ అడ్డు రాకపోవడం మేలు చేసింది. శిల్పాల సంఖ్య తగ్గించే మనిషి లేకపోవడం మేలు చేసిందా అనడం అన్యాయం కాదు. అయితే ఆ మాట అనేటప్పుడు, 2009లో అదే రాష్ట్రంలోని ఆల్డ్రిచ్ మ్యూజియం ఆయన శిల్పాలు ప్రదర్శించిందన్నదీ చెప్పాలి. మనకు పనికొచ్చే నిజం చెప్పి ఆయనకు పనికొచ్చేది దాచిపెడితే అది విమర్శ కాదు, లాయరు వాదన.

చివరగా కాలిగోరు ఆయనకి. టఫ్టీని అనకూడదా? గ్రాఫుల్లోనే అన్నారు మహాశయా! 1986లో చాలెంజర్ స్పేస్ షటిల్ పేలిపోయిన ముందు రాత్రి, ఇంజనీర్లు చలికీ, రాకెట్ అతుకుల్లో ఉండే రబ్బరు రింగులకు తగిలే దెబ్బకీ ఉన్న సంబంధాన్ని సరైన గ్రాఫులో చూపించి ఉంటే ప్రయోగం ఆగేదన్నట్టు టఫ్టీ 1997లో రాశారు. ఆ ఇంజనీర్లలో ఒకరైన రోజర్ బోజొలేతో కలిసి కొందరు 2002లో ఒక వ్యాసం రాసి దాన్ని ఖండించారు. ఆ రాత్రి వాళ్ళ చేతిలో ఏ లెక్కలున్నాయి, ఏవి లేవు, టఫ్టీ గీసిన గ్రాఫులో గాలి ఉష్ణోగ్రతా రింగు ఉష్ణోగ్రతా ఎలా కలిసిపోయాయి, వరసపెట్టి చెప్పారు. 'ఆయనకేం తెలుసు' అని ఒక్క మాటతో వదిలెయ్యలేదు. మీరు శిల్పాల మీద అలా రాయండి. సగం పేజీ చాలు. రాసి నాకూ పంపండి.

ప్రశ్న: మాస్టారూ, నేను విశాఖలో డిజైన్ కోర్సు చదువుతున్నాను. మాకు టైపోగ్రఫీ చెప్పే సార్ పెయింటింగ్ ఎగ్జిబిషన్ పెట్టారు. కాలేజీ మ్యాగజైన్‌కి రివ్యూ నన్ను రాయమన్నారు. బొమ్మలన్నీ గళ్ళు, చతురస్రాలు, కొలిచి గీసినట్టు ఉన్నాయి. నాకేమీ అనిపించలేదు. పైగా ఇంటర్నల్ మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి. టెన్షన్‌గా ఉంది. ఏం రాయను?
— ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: మార్కులు చేతిలో ఉన్న మనిషి మీద రివ్యూ రాయమనడమే తప్పు తల్లీ. ఆ తప్పు నీది కాదు, అప్పగించినవాళ్ళది. 'సార్ దగ్గర చదువుకుంటున్నాను, రివ్యూ వద్దు, ఇంటర్వ్యూ చేస్తాను' అని ఎడిటర్‌కి చెప్పు. ఇంటర్వ్యూలో నిజమైన ప్రశ్నలు వెయ్యి. ఈ గడి ఇక్కడే ఎందుకు ఆగింది, ఈ ఎరుపు ముందు అనుకున్నదేనా, క్లాసులో మాకు చెప్పే గ్రిడ్ ఇక్కడ ఎక్కడైనా తెంచారా అని. జవాబులు ఎలా ఉన్నా పాఠకులకు అందుతాయి, నీ మార్కులకీ ఢోకా ఉండదు.

ఇక నీకేమీ అనిపించకపోవడం గురించి. కొలిచి గీసినంత మాత్రాన అది ప్రాణం లేని బొమ్మ అనుకోకు. మాక్స్ బిల్ అని స్విట్జర్లాండ్ ఆయన ఉండేవాడు. బౌహౌస్ అనే పేరున్న జర్మన్ డిజైన్ స్కూల్లో చదివాడు. జర్మనీలో ఉల్మ్ డిజైన్ స్కూలు మొదలుపెట్టినవాళ్ళలో ఒకడు, దానికి మొదటి రెక్టర్. మూడు పలకలు, అడ్డంగా ఒక కర్ర ఉన్న ఉల్మ్ స్టూలు ఆయన ఒక సహచరుడితో కలిసి చేసిందే. కూర్చోవచ్చు, తిరగేసి పుస్తకాలు పెట్టుకు మోయొచ్చు. యుంగ్‌హాన్స్ కంపెనీకి చేసిన వంటింటి గడియారం కూడా ఆయనదే. అదే మనిషి 1951లో సావో పాలో బియనాలే అనే పెద్ద కళాప్రదర్శనలో శిల్పానికి బహుమతి తీసుకున్నాడు.

ఆయన కథలో నాకు బాగా ఇష్టమైనది ఇది. 1935 ప్రాంతంలో ఒక ఎలక్ట్రిక్ నెగడు మీద వేలాడదీయడానికి ఏదైనా చెయ్యమన్నారు ఆయన్ని. నిప్పు కనిపించని పొయ్యి కదా, చూడ్డానికి ఏదో ఒకటి కదలాలి. వేడిగాలికి తిరుగుతుందని కాగితం ముక్కలు మెలిపెట్టి అతికించి చూస్తూ, మొదలూ చివరా లేని ఒక పట్టీ దగ్గర ఆగాడు. కొత్త ఆకారం కనిపెట్టానని సంబరపడ్డాడు. కొన్నాళ్ళకి ఎవరో చెప్పారు, అది మోబియస్ పట్టీ, 19వ శతాబ్దం నుంచి గణితం వాళ్ళకి తెలిసిందేనని. పాపం ఉసూరుమన్నాడు. అయినా వదల్లేదు. దాన్నే రాతిలో, లోహంలో మళ్ళీ మళ్ళీ చేశాడు.

ఇప్పుడు చూడు. 'ఇది గణితంలో ఉన్నదే, కాపీ' అనడం తేలిక, అన్యాయం కూడా. 'డిజైనర్ కదా, అందుకే ఇంత శుభ్రంగా ఉంది' అనడం అంతకన్నా తేలిక. అడగాల్సింది వేరే: కాగితం పట్టీ చేతిలో తిప్పితే వచ్చే ఆశ్చర్యం గ్రానైటుకి వచ్చాక మిగిలిందా, పెరిగిందా, పోయిందా? ఆ ప్రశ్న పట్టుకుని మీ సార్ గళ్ళ ముందు ఒక అరగంట నిలబడు. ఫోను బ్యాగులో పెట్టు. అప్పటికీ ఏమీ అనిపించకపోతే, కోర్సు అయిపోయి మార్కుల జాబితా చేతికొచ్చాక ఆ మాటే రాయి. ఏ బొమ్మ దగ్గర, ఏ మూల నీ కన్ను జారిపోయిందో కూడా రాయి.

ప్రశ్న: నేను ఇంటీరియర్ డిజైనర్‌ని. పదిమందికి ఇళ్ళు అందంగా చేసిపెట్టాను. ఈమధ్య కాన్వాసు మీద వేస్తున్నాను. ఎవరు చూసినా 'సోఫా వెనక బాగుంటుంది' అంటారు. ఒక పెద్ద ఆర్టిస్టు 'డెకరేటివ్' అని ఒక్క ముక్క అని వెళ్ళిపోయారు. నా వృత్తే నాకు శత్రువయిందా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, ఆ ఒక్క ముక్క అన్నాయన బొమ్మను చూసి అన్నారా, మీ విజిటింగ్ కార్డు చూసి అన్నారా? కార్డు చూసి అంటే వదిలెయ్యండి.

ఇసాము నొగూచి అనే శిల్పికి ఇదే తంటా. వంకర తిరిగిన రెండు చెక్కముక్కల మీద దళసరి గాజు పెట్టి ఆయన చేసిన కాఫీ టేబుల్‌ని హెర్మన్ మిల్లర్ కంపెనీ 1947 నుంచి అమ్మింది. దాని నకళ్ళు మీ హైదరాబాద్ ఫర్నిచర్ షాపుల్లో కూడా చూసే ఉంటారు. 1951లో జపాన్‌లో గిఫు అనే ఊరు వెళ్ళాడు. అక్కడ వెదురు పుల్లలకు కాగితం అతికించి లాంతర్లు చేసే పాత పనితనం ఉంది. దాంతో 'అకారి' అనే దీపాలు మొదలుపెట్టాడు, జీవితాంతం చేస్తూనే ఉన్నాడు. దీపాలమ్ముకునేవాడు శిల్పి ఏమిటని చాలామంది పెదవి విరిచారు. 1986లో అమెరికా తరఫున వెనిస్ బియనాలేకి పిలిస్తే, ఆ ముసలాయన పాలరాతి జారుడుబల్లతో పాటు ఈ కాగితం దీపాల్ని పట్టుకెళ్ళాడు. పరువు కోసం వాటిని ఇంట్లో వదిలి వెళ్ళలేదు. పెద్ద బహుమతి రాలేదు. దీపాలే దెబ్బ కొట్టాయని అన్నవాళ్ళున్నారు.

అకారి మీద నాకు మోజు ఉంది కానీ అన్నీ ఒకే స్థాయివి అనను. కొన్ని ఉత్త గోళాలు. గదికి వెలుగునిస్తాయి, మంచి దీపాలు, అంతే. కొన్ని పక్కకి ఒరిగి, పొడుగ్గా సాగి, ఎవరో గదిలో నిలబడ్డట్టు ఉంటాయి. ఆర్పేసినా వాటిని చూడబుద్ధేస్తుంది. స్విచ్ ఆపాక మిగిలేది ఎంత అన్నది నా లెక్క. మీ బొమ్మకీ అదే పరీక్ష పెట్టండి. సోఫా, గోడ రంగు, లైటింగు తీసేసి, వరండాలో సిమెంటు గోడకి ఆనించి చూడండి. నిలబడితే ఆ పెద్దాయన మాట తప్పు. వెలవెలబోతే ఆయన చెప్పిన పద్ధతి మొరటు కానీ మాటలో పస ఉన్నట్టు. మీ క్లయింట్లకి మాత్రం కొన్నాళ్ళు చూపించకండి. వాళ్ళు మీ దగ్గరకు వచ్చేదే సోఫా కోసం.

ప్రశ్న: బ్యాంకు ఉద్యోగంతో చండీగఢ్ వచ్చాను. ఇక్కడ గాలికి తిరిగే పెద్ద ఇనుప చెయ్యి ఉంది. లె కోర్బూజియే ఊరు కట్టాడు, భవనాలు కట్టాడు, ఒప్పుకుంటాను. ఈ చెయ్యి కూడా కళాఖండమేనా? ఎవరూ ఏమీ అనరేం?
— ఒక పాఠకుడు, చండీగఢ్ (మాది సిద్దిపేట)

జవాబు: అనేవాళ్ళు అన్నారండీ, పెద్ద పెద్దవాళ్ళే అన్నారు. కోర్బూజియే పొద్దున్నపూట బొమ్మలు వేసుకుని, మధ్యాహ్నం ఆర్కిటెక్టు ఆఫీసుకు వెళ్ళేవాడు. తనను తాను చిత్రకారుడిగానే లెక్కేసుకునేవాడు. లోకం మాత్రం మధ్యాహ్నం పనినే పట్టించుకుంది.

మీరు చూస్తున్న 'ఓపెన్ హ్యాండ్' 26 మీటర్ల ఎత్తు. ఆయన 1965లో పోతే, అది లేచింది 1985లో. నేను ఒకసారి చూశాను. దగ్గర్నుంచి నాకు ఆనలేదు, గీతను పెద్దది చేసి రేకులో కత్తిరించినట్టే ఉంది. దూరం నుంచి, వెనక శివాలిక్ కొండలతో, గాలికి కొంచెం తిరిగినప్పుడు మాత్రం ఊరికి సరిపోయింది అనిపించింది. మీరు రోజూ చూస్తారు కాబట్టి ఏ దూరంలో బాగుందో నాకన్నా మీకే తెలియాలి.

వీలైతే హైకోర్టు గదుల్లోని ఊలు తెరల గురించి వాకబు చెయ్యండి. ఆ గదుల్లో మాట గింగురుమంటుంటే, ఆ ప్రతిధ్వని తగ్గించడానికి కోర్బూజియే పెద్ద తెరలకు డిజైను వేశాడు, కశ్మీర్‌లో నేయించారు. న్యాయమూర్తులు కొందరికి అవి నచ్చలేదు, కోర్టు హోదాకి తగ్గట్టు లేవన్నారు. అక్కడ రెండు విచారణలు విడివిడిగా జరగాలి. గొంతు గింగురు తగ్గిందా లేదా అన్నది ఒకటి, చెవి పెట్టి వింటే తేలిపోతుంది. ఆ సూర్యుడూ మేఘాలూ అరిచేతులూ రోజంతా ఎదురుగా చూడదగ్గవా అన్నది ఇంకోటి. మొదటిదాంట్లో నెగ్గినంత మాత్రాన రెండోది మాఫీ కాదు. రెండోది నచ్చలేదని మొదటిదాన్ని చింపెయ్యకూడదు.

ఆయన్ని గట్టిగా అనాల్సిన చోటు వేరే ఉంది. ఫ్రాన్స్ దక్షిణతీరంలో ఐలీన్ గ్రే అనే డిజైనర్ 1920ల చివర్లో ఒక ఇల్లు కట్టింది. తెల్లటి గోడలు, అంగుళం అంగుళం ఆలోచించి పెట్టిన సామాను. 1938, 39లలో ఈయన వెళ్ళి ఆ గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేసేశాడు. ఇంటి యజమాని జాన్ బదోవిచి సరే అన్నాడు. కట్టినామెను అడగలేదు. ఆమెకది విధ్వంసంగానే కనిపించింది. ఆ బొమ్మలు వేరే గోడ మీద ఉంటే బాగున్నాయనేవాణ్ణేమో. కానీ గోడ విలువ తెలిసిన ఆర్కిటెక్టు ఇంకొకరి గోడను ఖాళీ కాగితంలా చూడ్డం నాకు మింగుడుపడదు. టఫ్టీ సూత్రాన్ని ఉక్కు మీద రుద్దొద్దన్నాను కదా, మరి ఇక్కడ ఆర్కిటెక్టు గొడవ ఎందుకు అంటారేమో. ఇక్కడ బొమ్మ వేసిందే ఇంకొకరి డిజైను మీద. రెండూ ఒకే గోడ మీద ఉన్నాక విడదీసి చూడలేం.

ప్రశ్న: బాపుగారిని విమర్శించవచ్చా? సూటిగా చెప్పండి.
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: వచ్చు. చెయ్యాలి కూడా. గోదావరి గట్టున ఉండి ఈ ప్రశ్న అడిగారు, మీ ధైర్యం మెచ్చుకోవాలి.

బాపుగారు 1933లో నరసాపురంలో పుట్టారు, మద్రాసులో లా చదివారు, పత్రికలకు కార్టూన్లు, కథలకు బొమ్మలు, పుస్తకాలకు అట్టలు, ఆపైన సినిమాలు. 2014లో పోయారు. ఆయన చేతిరాత ఫాంటు అయి ఇవాళ పెళ్ళి శుభలేఖల నుంచి కర్రీ పాయింటు బోర్డుదాకా ఉంది. మన దగ్గర డిజైనూ బొమ్మా ఒకే చేతిలో అంతగా కలిసిన మనిషి ఇంకొకరు లేరు. అందుకే ఆయన్ని అనడం కష్టం.

ముందు తెలుసుకోవాల్సింది అప్పటి ప్రెస్సు. పాత వారపత్రికల్లో బొమ్మకి జింకు మీద లైన్ బ్లాకు చేయించేవాళ్ళు. అందులో నలుపు ఉంటుంది, తెలుపు ఉంటుంది, మధ్యలో బూడిదరంగు రాదు. చుక్కల బ్లాకు చేయిస్తే ఖర్చు, పైగా న్యూస్‌ప్రింట్ మీద అలుక్కుపోయేది. కథ చేతికొచ్చేది ఆఖరి నిమిషంలో. ఆ ఇరుకులో బాపుగారి గీత లావు సన్నం అవుతూ ఒక్క విసురులో చీర కుచ్చిళ్ళు, జడ, నడక అన్నీ చెప్పేసింది. బ్లాకులో ఏమీ పోయేది కాదు. ఇది తెలియకుండా 'షేడింగ్ లేదు, అనాటమీ తప్పు' అంటే మా ఫోర్‌మన్లు నవ్వేవాళ్ళు.

ఇక విమర్శ. కథ ఎవరిదైనా, కూలిపని చేసే ఆమె అయినా జమీందారు కోడలయినా, అవే పెద్ద కళ్ళు, అదే నడుము. రచయిత ఎండలో మాడిన మనిషి గురించి రాస్తే పక్కన బొమ్మలో ఆ ఎండ పడేది కాదు. కథకి బొమ్మ వేయడమన్నది డిజైన్ పని, కథ అడిగింది ఇవ్వాలి. ఆ లెక్కన కొన్ని చోట్ల ఆయన కథకి కాక తన గీతకే బొమ్మ వేశారని నేనంటాను. తీరిగ్గా రంగుల్లో వేసిన పురాణాల బొమ్మలకి జింకు బ్లాకు సాకు చెల్లదు. వాటిని చిత్రాలుగానే చూడాలి. చూస్తే కొన్నింటిలో కూర్పు అద్భుతం, కొన్నింటిలో నగలూ అంచులూ ఎక్కువై మొహం వెనక్కిపోయింది. ఇదంతా నా అభిప్రాయం. వీటి పక్కన బొమ్మలు పెట్టుకుని కాదనండి, వింటాను. 'బాపుగారిని అంతమాటంటారా' అని మాత్రం రాయకండి, అది ఇప్పటికే సంచి నిండా ఉంది.

ఫాంటు గురించి ఒక్క మాట. శీర్షికకి ఎంత బాగుంటుందో, అదే అక్షరంతో పేజీ అంతా చిన్న సైజులో నింపితే చదవడం అంత నరకం. ఆ నేరం బాపుగారిది కాదు, నింపినవాళ్ళది.

ప్రశ్న: గీత గీయడం రానివాడికి విమర్శించే అర్హత ఉందా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: చూడ్డం వస్తే ఉంది.

ప్రశ్న: మా అబ్బాయి బెంగళూరులో యాప్‌లకు డిజైన్ చేస్తాడు, మంచి జీతం. లాక్‌డౌన్ నుంచి బొమ్మలు వేస్తున్నాడు. దసరాకి వచ్చి ఒకటి మా హాల్లో తగిలించి వెళ్ళాడు. మా ఆయన దాన్ని చూడకుండా ఉండడానికి కుర్చీ తిప్పుకుని కూర్చుంటున్నారు. వాడు ఫోను చేసినప్పుడల్లా 'ఎలా ఉంది' అంటాడు. ఏం చెప్పమంటారు?
— ఒక అమ్మ, ఖమ్మం

జవాబు: అమ్మా, వాడి జీతం, వాడి ఆఫీసు, దీనికంతటికీ సంబంధం లేదు, ముందు అవి మర్చిపోండి. ఒక రోజు మీ ఆయన కుర్చీ ఇటు తిప్పించి ఇద్దరూ కాఫీ తాగుతూ చూడండి. చూపు ఎక్కడ ఆగిందో, ఎక్కడి నుంచి పారిపోయిందో గుర్తుపెట్టుకోండి. ఫోనులో అదే చెప్పండి: 'కిందున్న నీలం బాగుందిరా, పైన ఆ పసుపు కళ్ళలో పొడుస్తోంది, మీ నాన్న అందుకే తిరిగి కూర్చుంటున్నారు' అని. డిజైనర్ కాబట్టి ఫీడ్‌బ్యాక్ వినడం వాడికి అలవాటే ఉంటుంది. ఉత్తినే 'బాగుంది' అని మాత్రం అనకండి. సంక్రాంతికి ఇంకో మూడు పట్టుకొస్తాడు.